వ్యసనగ్రస్తుల బిడ్డలు: అమెరికా చట్టములు నడచిన దారి

న్యూయార్కు నగరమున 1853లో చార్లెస్ లోరింగ్ బ్రేస్ అను మతాచార్యుడు పిల్లల సహాయ సంఘమును నెలకొల్పినప్పుడు, పత్రికలమ్ముకొనుచు, మెట్ల క్రింద నిదురించుచు వీధులలో పెరుగుచున్న వేలకొలది బాలబాలికల దుస్థితికి తల్లిదండ్రుల మద్యపానము ఒక ప్రధాన హేతువని గాఢముగా నమ్మెను. ఆ నమ్మకము అసత్యము కాదు. కాని అట్టి యింటినుండి బిడ్డను తప్పించుటయే బిడ్డకు రక్షయని ఆయన చేసిన నిర్ణయము నూరేండ్లకు పైగా ఆ దేశమునకు దారి చూపినది. 1854 మొదలు 1929 వరకు సుమారు రెండు లక్షలమంది పిల్లలను రైళ్లెక్కించి మధ్యపశ్చిమ రాష్ట్రముల పల్లెలకు తరలించిరి. రైలు దిగిన పిల్లలను చర్చిలోనో నాటకశాలలోనో వరుసగా నిలిపెడివారు. రైతులు వచ్చి, కండలు తడవి చూచి, నచ్చినవానిని తోడ్కొని పోయెడివారు. ఒక తల్లి కడుపున పుట్టినవారు వేర్వేరు ఊళ్లకు చెదరిపోవుటయు కలదు. వారందరును అనాథలు కారు. అనేకులకు తల్లియో తండ్రియో జీవించియే యుండిరి. ఆ తల్లిదండ్రులకు చికిత్స చేయింపవలెనను తలంపు ఆ యేర్పాటులో ఎచ్చటను లేదు.

1909లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు శ్వేతసౌధమున సమావేశపరచిన పెద్దలు, కేవలము దారిద్ర్య కారణమున బిడ్డను ఇల్లు వాపరాదని తీర్మానించిరి. 1911లో ఇలినాయ్ రాష్ట్రము తల్లులకు భృతి నొసగ నారంభింపగా ఇతర రాష్ట్రములు అనుసరించెను. అయినను ఆ భృతి యోగ్యురాలైన తల్లికే. ఆమె యోగ్యతను నిర్ణయించుటకు ఇంటి శుభ్రతను, నడవడిని, సీసా వాసనను పరీక్షించెడివారు. వ్యసనపరురాలు ఆ గడపకు వెలుపలనే నిలిచిపోయెను.

1980వ దశాబ్దమున క్రాక్ అను చౌకబారు కొకెయిన్ నగరముల పేదవాడలను ముంచెత్తినప్పుడు ఈ పాత తీర్పు మరింత కఠినరూపము దాల్చెను. దక్షిణ కెరొలైనా రాష్ట్రపు చార్లెస్టన్ నగరములో, 1989 మొదలు, ఒక ప్రభుత్వ ఆసుపత్రి గర్భిణుల మూత్రమును వారి యనుమతి లేకయే కొకెయిన్ కొరకు పరీక్షించి, ఫలితములను పోలీసులకందించెను. ప్రసవమైన కొలదిసేపటికే బేడీలు పడిన స్త్రీలు కలరు. అరెస్టయిన 30 మందిలో ఇంచుమించు అందరును నల్లజాతివారే. రోగి అనుమతి లేనిచో అట్టి పరీక్షలు రాజ్యాంగవిరుద్ధమైన సోదాలేయని సుప్రీంకోర్టు తేల్చుటకు 2001 రావలసివచ్చెను. కాపాడునని నమ్మి కాన్పుకు వచ్చిన చోటనే పట్టువడుదునను భయము పుట్టినచో, ఏ తల్లి వైద్యుని ముందు తన వ్యసనమును బయటపెట్టును?

చట్టములలోని అసలు చిక్కు ధనము ప్రవహించిన దిక్కులో నుండెను. కుటుంబమును విడదీయకుండుటకు తగిన ప్రయత్నము చేయవలెనని 1980 నాటి సమాఖ్య చట్టము శాసించినదేగాని, అపరిమితముగా లభించు నిధి మాత్రము బిడ్డను ఇల్లు కదల్చి పోషక గృహమున చేర్చిన పిమ్మటనే వచ్చెడిది. అట్టి పిల్లల సంఖ్య 1990వ దశాబ్దపు చివరకు 5 లక్షలు దాటెను. ఏండ్ల తరబడి ఇల్లిల్లు మారుచున్న పిల్లల దైన్యమును చూచి, 22 మాసములలో 15 మాసములు బిడ్డ ప్రభుత్వ సంరక్షణలో గడిపినచో, కొన్ని మినహాయింపులు పోగా, తల్లిదండ్రుల హక్కులను రద్దుచేయింప నడుగవలెనని 1997 చట్టము నిర్ణయించెను. ఆ చట్టకర్తల ఆరాటమును నేను నిందింపజాలను. బాల్యము ఎవరికొరకును ఆగదు. కాని మాని, మరల జారి, మరల లేచి నిలుచు రోగికి, అందునను చికిత్సాలయములో చోటు కొరకు మాసములు వేచియుండు పేదరాలికి, ఆ గడువు ఎట్లు సరిపోవును?

దీనికి ముందే, 1994లో, నెవడా రాష్ట్రపు రీనో నగరములో చార్లెస్ మెక్‌గీ అను న్యాయమూర్తి వేరొక మార్గమును త్రొక్కెను. మాదకద్రవ్య నేరస్థుల కొరకు 1989లో మయామీలో ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానపు పద్ధతిని ఆయన కుటుంబ వ్యాజ్యములకు అన్వయించెను. ఇట్టి న్యాయస్థానములలో తల్లి ఆరు మాసములకొకమారు గాక, తొలిదశలో వారమునకో పక్షమునకో ఒకమారు అదే న్యాయమూర్తి యెదుట నిలుచును. చికిత్సకుడు, శిశుసంక్షేమ ఉద్యోగి, ఇరుపక్షముల న్యాయవాదులు ముందుగనే ఒక బల్లచుట్టు కూర్చుండి, ఆమెకు ఇల్లు దొరకినదా, పరీక్షకు పోవుటకు బస్సు ఛార్జీ కలదా యని విచారింతురు. మత్తు లేదని పరీక్షలో తేలిన వారమున న్యాయమూర్తి పీఠము మీదనుండియే అభినందించును; సభలోనివారు చప్పట్లు కొట్టుదురు. కాలు జారినచో బిడ్డ వెంటనే శాశ్వతముగా దూరము కాడు; చికిత్స మార్పబడును. తీర్పు చెప్పుటయే పనిగా నున్న పీఠము రోగి కోలుకొనుటను కనిపెట్టుకొని యుండుట నాకు మిక్కిలి గొప్ప మార్పుగా తోచుచున్నది.

ధనపు దిక్కు మరలుటకు ఇంకను రెండు దశాబ్దములకు పైగా పట్టెను. నల్లమందు జాతి నొప్పిమాత్రలు, హెరాయిన్ పల్లెటూళ్లలోని తెల్లజాతి కుటుంబములను సైతము కూల్చిన పిదప, 2018 ఫిబ్రవరిలో క్రొత్త చట్టము వెలువడెను. పిల్లలను ఇల్లు కదల్పకమునుపే తల్లిదండ్రుల వ్యసనచికిత్సకు, మానసిక వైద్యమునకు, పెంపక శిక్షణకు 12 మాసముల వరకు అదే సమాఖ్య నిధిని వెచ్చింపవచ్చునని, తల్లి చేరిన చికిత్సాగృహమున బిడ్డయు ఆమెతోనే వసించినను పోషణవ్యయము చెల్లింపవచ్చునని అది అంగీకరించెను. అయితే నిరూపితములని గుర్తింపబడిన పద్ధతులకే సొమ్ము దక్కును. తల్లీబిడ్డలను కలిపి యుంచుకొను గృహములు నేటికిని చాలినన్ని లేవు. చికిత్స ముగిసిన తల్లికి అద్దె యిల్లు దొరకుట, జీతము దొరకుట ఈ నిధి పరిధిలోనివి కావు. వానికొరకు ఆమె మరల వేరొక కార్యాలయపు వరుసలో మొదటినుండి నిలువవలసియే యున్నది.