ఇల్లు ముందా, సామాను ముందా?

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు పెద్దలు చెప్పిరి. ఉన్న యింటిని బాగుచేసి చూడుమని వారు చెప్పలేదు. ఆ కష్టము మాటలకందనిదని విడిచిరి కాబోలు! క్రొత్త యింటికి పునాది యొక్కటే మొదలు. పాత యింటికో, ఎక్కడ చేయి పెట్టిన నక్కడనే మొదలు. గోడకు సున్నము ముందా, గదిలోనికి మంచము ముందా? విద్యుత్తు తీగ ముందా, బీరువా ముందా? ప్రతి యింటను పుట్టు నీ ప్రశ్నకు కూడ ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రను నల్లపాడు పరిసరములను ఆధారముగా జేసికొని మేము మీ ముందుంచుచున్నాము.

నల్లపాడు గుంటూరునకు చేరువనున్న ఊరు. ఇచటి రైలు కూడలినుండి ఒక మార్గము నంద్యాల వైపునకును, మరియొకటి నడికుడి మీదుగా పగిడిపల్లి వైపునకును పోవును. 2012లో ఈ గ్రామము గుంటూరు నగరపాలక సంస్థలో చేరినది. చుట్టును నల్లరేగడి నేల. దానిపై ప్రత్తి, మిరప. వెనుకటి తరముల యింటి మరమ్మతులకు ఈ రెండు పంటలే పంచాంగము.

మిరపనారును శ్రావణ భాద్రపదములలో నాటుదురు. కోతలు పుష్య మాఘములలో మొదలై చైత్రము వరకు సాగును. ప్రత్తి తీతలు అంతకు ముందే ఆరంభమగును. కావున రైతు చేతిలో నాలుగు రూపాయలు కనబడునది మాఘమునుండి చైత్రము వరకే. జ్యేష్ఠము గడచునాటికి వానలు వచ్చును. ఆషాఢమున గృహప్రవేశములు లేవు. పైకప్పు విప్పుటకును, గానుగ సున్నము ఆరుటకును ఆ నడుమనున్న ఎండలే దిక్కు.

ఇందులో ఇంకొక చిక్కు కలదు. జ్యేష్ఠ పూర్ణిమ ఏరువాక. ఆనాటికి నాగలి, గొర్రు, గుంటక సిద్ధము కావలెను. కళ్లములో మేర పుచ్చుకొను వడ్రంగికి రైతు నాగలి ముందు, రైతు మంచము తరువాత. అందుచేత తలుపులు, మంచములు, ఉయ్యాలబల్ల కావలసిన గృహస్థు పని చాల ముందుగానే పురమాయింపవలసి యుండెడిది. కలప అంతకంటెను ముందే కొని నీడపట్టున ఆరబెట్టవలెను. పచ్చికొయ్యతో చేసిన తలుపు వేసవిలో బిగువు వీడును, వానలో ఉబ్బును. కనుక పాతకాలపు క్రమమిది: కలప ముందు, కప్పు తరువాత, నేల ఆ తరువాత, సామాను చివర.

ఈ క్రమమును తప్పిన ఫలమును మేమును అనుభవించితిమి. పాత యింటికి నాపరాళ్లు పరపించుటకు పూర్వమే, చవుకగా దొరకినదని ఒక పెద్ద బీరువాను కొని తెచ్చితిమి. అది ఏ గదిలో నుంచినను రాళ్ల పనికి అడ్డమే. నలుగురు మనుష్యులు మూడుమార్లు దానిని మోసిరి. తుదకు నేల పూర్తియైనది. పెరిగిన నేల యెత్తునకు బీరువా తల అటకకు తగిలినది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, గది లేక మునుపే గదిలోని సామాను కొంటిమి. తప్పు మాది; అమ్మినవానిది కాదు.

వస్తువులు మారినకొలది ఈ క్రమమును మారినది. 1865లో మంగుళూరున మొదటి పెంకుల కర్మాగారము వెలసిన పిమ్మట ఆ పెంకులు క్రమముగా దక్షిణదేశమంతట వ్యాపించినవి. తాటాకు కప్పువలె వాటిని ఏటేట మార్చవలసిన పని లేదు. తరువాత సిమెంటు వచ్చినది. కాని దానిపై చిరకాలము ప్రభుత్వ నియంత్రణ ఉండెను. 1982లో ఆ నియంత్రణ కొంత సడలినది, 1989లో పూర్తిగా తొలగినది. అంతవరకు పర్మిటు ఎప్పుడు వచ్చిన అప్పుడే పని. పంచాంగము చూచుకొని ముహూర్తము పెట్టినవాడును సిమెంటు బస్తాలకై ఎదురు చూడవలసినదే.

విద్యుత్తు కథ మరింత వింతయైనది. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. ఆనాటి రేడియో పెట్టెకు పోస్టాఫీసు లైసెన్సు కావలెను. ఇంటిపై ఏరియలు తీగ కట్టవలెను. కప్పు బాగుపడక ముందు కట్టిన ఏరియలును విప్పి మరల కట్టక తప్పదు. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినది. ఊరూరికి తీగలు సాగినవి. తొలినాళ్లలో ఇంటి తీగలను గోడమీద చెక్కపట్టీలపై బిగించెడివారు. కనుక సున్నము వేసిన పిదపనే తీగ. గొట్టములను గోడలోపల దాచు పద్ధతి వచ్చిన తరువాత క్రమము తలక్రిందులైనది: తీగ ముందు, పూత తరువాత. శీతల యంత్రమునకు ఎక్కడ స్థానమో, బట్టలుతుకు యంత్రమునకు నీటి గొట్టమెక్కడనో గోడకు పూత పూయక మునుపే నిర్ణయింపవలెను. నిర్ణయించుట వేరు, కొనుట వేరు. ఈ భేదమును మరచుటయే నేటి గృహస్థుల పొరపాటు.

ఇచట ఒక విషాదమును స్మరింపక తప్పదు. ప్రత్తి ధనము తెచ్చిన కాలమున ఈ మైదానములో డాబాలు లేచినవి. 1987-88లో తెల్లదోమ ప్రత్తిని పాడుచేసినది. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో అప్పులపాలైన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. ఆ అప్పులు ప్రధానముగ పురుగుమందులకును, కౌలునకును చేసినవి. మంచములకు, బీరువాలకు కాదు. వారిని దుబారా చేసినవారని యెవరును నిందింపరాదు. అయినను చేతికందని పంటను నమ్ముకొని నేడే ధనము వెచ్చించుట ఎంత ప్రమాదమో ఆ యేడు ఈ సీమకు నేర్పినది. పొలమునకే గతి అట్లున్నప్పుడు ఇంటి అలంకారమునకు అప్పు చేయువాడు మరింత జాగరూకుడై యుండవలెను.

నేడు మిరప శీతల గిడ్డంగులలో నెలల తరబడి నిలువయుండును. ఆ నిలువపై అప్పు దొరకును. వస్తువులను వాయిదాలపై ఇచ్చుటకు దుకాణములు సిద్ధము. ఫాల్గుణమునకై ఆగవలసిన పని లేదు. వడ్రంగికి ఏరువాక అడ్డము లేదు. ఆపునది యేదియు లేనప్పుడు తన్ను తానే ఆపుకొనవలెను. యంత్రమునకు హామీ కొన్ననాటినుండియే నడచును. దుమ్ములో మూతవేసి యుంచిన ఆరు నెలలును ఆ లెక్కలోనివే.

కావున మా మనవి యిది. పని మొదలుపెట్టక మునుపే సామాను కొలతలు వ్రాసికొనుడు. గుమ్మపు వెడల్పును, మెట్ల మలుపును కొలిచి చూడుడు. కప్పు, తీగలు, గొట్టములు, నేల, పూత ఈ వరుసలో సాగనిండు. చేయించవలసిన కొయ్యపనిని ముందు పురమాయింపుడు. కొనితేవలసిన వస్తువులను చివరకు తెండు. పని నడుమ ఊహింపని ఖర్చు తప్పక వచ్చును. అప్పుడు కొనని బీరువాయే మిమ్ము ఆదుకొనును. మన తాతలకు ఈ ఓర్పును పంట నేర్పినది. మనము బుద్ధిపూర్వకముగ నేర్చుకొనవలెను.