నగర సగటులో కనిపించని బస్తీ పిల్లలు

టీకాలు ఉచితం, ఆసుపత్రులు నగరాల్లోనే ఎక్కువ. కాబట్టి నగరంలో పుట్టిన పిల్లలకు టీకాల కొరత ఉండదని అనుకుంటాం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 12-23 నెలల పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవాళ్లు గ్రామాల్లో 76.8 శాతం, నగరాల్లో 75.5 శాతం. తేడా చిన్నదే. అయితే ఈ 'నగరం'లో గేటెడ్ కమ్యూనిటీ ఉంది, నాలా పక్కన గుడిసె కూడా ఉంది. రెండూ కలిపి తీసిన సగటు అది. 2005-06 నాటి మూడో సర్వేలో హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో మురికివాడల లెక్క విడిగా తీశారు. ఆ లెక్క ప్రతిసారీ కావాలి, కులాల వారీగా కావాలి.

పిల్లలు ముందు తప్పిపోయేది జాబితాలోనే. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి రాసిన లెక్కను బట్టే టీకాల ప్రణాళిక తయారవుతుంది. మున్సిపాలిటీ గుర్తించని బస్తీ, భవన నిర్మాణ కూలీల డేరాలు, కూల్చివేతల తర్వాత ఊరి చివరికి తరలించిన కాలనీ ఆ లెక్కకు అందకుండా పోతుంటాయి. ఊరి చివరికి నెట్టేది ఎవరినో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు. గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో వస్తే, పట్టణ మిషన్ 2013లో గానీ రాలేదు.

జాబితాలో పేరున్నా కూలి అడ్డొస్తుంది. తెల్లవారకముందే రోడ్లూడ్చే తల్లికి, పాచిపనికి పోయే తల్లికి టీకా అంటే ఒక పూట కూలి పోవడం. సూదికి బిడ్డకు జ్వరమొస్తే మర్నాటి కూలి కూడా పోతుంది. బిడ్డకు ఏడాదిన్నర వచ్చేలోపు ఇలా ఐదారుసార్లు వెళ్లాలి. ఉచితమన్న మాటలో ఈ ఖర్చు కనపడదు.

2022 చివర్లో ముంబైలో తట్టు ప్రబలి పిల్లలు చనిపోయారు. ఎక్కువగా దెబ్బతిన్నది దేవనార్ చెత్త డంపు పక్కనున్న గోవండి ప్రాంతం. అక్కడ ఎక్కువమంది ముస్లింలు, దళితులు. తట్టు ఆగాలంటే నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడాలి: తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16-24 నెలల మధ్య రెండోది. తిండి చాలక, విటమిన్ ఎ లోపంతో ఉన్న బిడ్డకు తట్టు ప్రాణాంతకం కాగలదు. ఇలాంటప్పుడు ముందుగా వినపడేది తల్లిదండ్రుల అపోహల గురించే. అపోహలు ఉన్నమాట నిజమే. కానీ పని వేళలు ముగిశాక తెరిచి ఉండే టీకా కేంద్రం ఎన్ని బస్తీల్లో ఉందో కూడా అడగాలి.

వార్డు ప్రణాళికలో ఏయే బస్తీల పేర్లున్నాయి, ఏ రోజు ఏ గంటకు టీకాలు వేస్తారు అన్నది సమాచార హక్కు కింద తీసుకోవచ్చు. ఆ జాబితా పట్టుకుని బస్తీలు తిరిగితే లేని పేర్లు బయటపడతాయి.