నికొలాయ్ రోరిక్

నికొలాయ్ రోరిక్ (అక్టోబరు 9, 1874 - డిసెంబరు 13, 1947) రష్యాకు చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు, రచయిత, యాత్రికుడు. హిమాలయాలను చిత్రించినవారిలో అగ్రగణ్యుడు. సుదీర్ఘ యాత్రలలో చూచిన దృశ్యాలను, వివిధ మత సంప్రదాయాల నుండి గ్రహించిన భావాలను ఈయన తన చిత్రాలలో సమన్వయపరచాడు.

తొలి జీవితం

రోరిక్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించాడు. తండ్రి కోరికపై న్యాయశాస్త్రాన్ని, తన అభిరుచి మేరకు చిత్రకళను ఏకకాలంలో అభ్యసించాడు. 1903-04లో భార్య హెలీనాతో కలిసి రష్యాలోని ప్రాచీన నగరాలలో పర్యటించి కోటలను, చర్చిలను చిత్రించాడు. ప్రాచీన కట్టడాలను కాపాడుకోవాలన్న ఆలోచన ఈ పర్యటనలతో బలపడింది.

మధ్య ఆసియా యాత్ర

1923 డిసెంబరులో ఈయన సకుటుంబంగా భారతదేశానికి వచ్చాడు. 1924-25లో "తూర్పు పతాకాలు" అనే చిత్రమాలికలో బుద్ధుడు, మోషే, లావోత్సే, కన్ఫ్యూషియస్ మొదలైనవారిని చిత్రించాడు. 1925లో మొదలైన యాత్ర కాశ్మీరు, లడఖ్, ఆల్టాయ్, మంగోలియాల మీదుగా టిబెట్టు చేరింది. అక్కడ 1927 అక్టోబరులో అధికారులు బృందాన్ని నిలిపివేశారు. తీవ్రమైన చలిలో సుమారు ఐదు నెలలు గుడారాలలో గడపవలసి వచ్చింది. బృందంలో ఐదుగురు, బరువులు మోసే జంతువులలో అధికభాగం మరణించాయి. 1928లో యాత్ర ముగిసింది.

చిత్రకళా శైలి

రోరిక్ ఎక్కువగా టెంపెరా రంగులను వాడాడు. సూక్ష్మ వివరాలను విడిచి, నీలం, ఊదా వర్ణాలతో విశాలమైన పర్వతశ్రేణులను నిలిపాడు. వాటి ముందు యోగి గాని, బాటసారి గాని చిన్న ఆకారంగా కనిపిస్తాడు. యాత్రలో చూచిన శిఖరం ఈ విధంగా సత్యాన్వేషణకు సంకేతమయింది. బౌద్ధ గాథలలోని శంభల కూడా ఈయనకు ప్రియమైన ఇతివృత్తం.

కులూ లోయలో

1928 తరువాత రోరిక్ హిమాలయాలలోని కులూ లోయలో, నగ్గర్ గ్రామంలో స్థిరపడి, అక్కడే మరణించాడు. యుద్ధకాలంలోనూ కళాసంపదకు రక్షణ కల్పించే "రోరిక్ ఒడంబడిక"పై 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో 21 అమెరికా ఖండ దేశాలు సంతకం చేశాయి. తెల్లని గుడ్డపై ఎర్రని వలయం, అందులో మూడు ఎర్రని చుక్కలు దీని పతాకం.

తెలుగువారితో సంబంధం

గుంటూరు జిల్లా తుమ్మపూడికి చెందిన రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ నగ్గర్‌లో రోరిక్ కుటుంబంతో కొంతకాలం గడిపాడు. రోరిక్ చిన్న కుమారుడు, చిత్రకారుడు స్వెతస్లావ్ 1945లో వివాహమాడిన సినీనటి దేవికారాణి వాల్తేరులో జన్మించింది.

భారత ప్రభుత్వం రోరిక్ చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. అందువలన దేశంలో ఉన్న ఈయన చిత్రాలను విదేశాలకు తరలించి విక్రయించడం నిషిద్ధం.