దీపావళి మధ్యాహ్నం 12:18

2025 అక్టోబర్ 20, సోమవారం. సత్తెనపల్లిలో అమ్మ ప్రమిదలు కడిగి వసారాలో బోర్లిస్తోంది. చిన్నాడు గోగు పుల్లలకు గుడ్డ పీలికలు చుడుతున్నాడు. లోపలి గదిలో పెద్దోడి ఫోను మోగింది. గారెల పళ్లెం పక్కకు జరిపి ల్యాప్‌టాప్ తెరిచాడు. వాళ్ల కంపెనీ సర్వర్లు అమెరికాలో, వర్జీనియాలోని అమెజాన్ క్లౌడ్‌లో ఉంటాయి. పండగ పూట ఆన్‌కాల్ డ్యూటీ అతనిదే.

ఈ ఇల్లు, మనుషులు నా ఊహ. ఆ రోజు పండగ వదులుకుని తెరల ముందు కూర్చున్న మన పిల్లలందరి తరఫునా ఒక ఇల్లు. ఆ రోజు అమెజాన్ క్లౌడ్ మొరాయించిన సమయాలు, కారణం మాత్రం ఆ కంపెనీ బయటపెట్టిన నివేదికలోవే.

సర్వర్‌లోకి లాగిన్ అయి 'టెయిల్ మైనస్ ఎఫ్' కొట్టాడు. సర్వర్ తను చేసే పనులు, తనకు తగిలే దెబ్బలు ఎప్పటికప్పుడు లాగ్ ఫైల్లో రాసుకుంటుంది. ఈ కమాండ్ చివరి వరుసలు చూపించి ఊరుకోదు, కొత్త వరుస పడగానే తెర మీదకు తెస్తుంది. ఎర్రర్లు మొదలైన చోట టైము 06:48. అది యూటీసీ లెక్క. ఐదున్నర గంటలు కలిపితే మన 12:18.

తెర నిండా ఎర్రర్లు. 'గ్రెప్'తో వడగడితే అన్నిట్లోనూ ఒకటే గోడు: డైనమోడీబీ అనే అమెజాన్ డేటాబేస్ పేరు తెలుసు, దాని చిరునామా దొరకట్లేదు.

ఆఫీసు గ్రూపులో ఎవరో తొందరపెడుతున్నారు, ఉన్న సర్వర్లు తీసేసి కొత్తవి లేపమని. వేళ్లు కీబోర్డు మీదకు వెళ్లాయి. రేపటి పత్తి తీతకు కూలోళ్లను మాట్లాడి వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందిరా, మీదే చెడిందా?"

"మాది బాగానే ఉంది నాన్నా. పైనుంచే రావట్లా."

"సాగర్ కాలవలో నీళ్లు లేకపోతే మన మడి గట్టు తెగ్గొట్టి ఏం లాభం? తవ్వమాక."

చెయ్యి ఆగింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ ఆగిన చెయ్యే. ఆ గంటల్లో వర్జీనియాలో నడుస్తున్న సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, కొత్తవి లేవడమే గగనమైంది. ఉన్నవి తీసేసి ఉంటే చేతిలో ఏమీ మిగిలేది కాదు. చెడింది తన సర్వర్ కాదన్న సంగతి లాగ్ చదివినవాడికే తెలుస్తుంది.

అసలు తప్పు అమెజాన్ లోపలిది. చిరునామాల పట్టికను మార్చే ప్రోగ్రాములు ఒకటికి మించి ఉంటాయి. వాటిలో ఒకటి ఆలస్యంగా నడిచి, కొత్త పట్టిక మీద పాతది రాసింది. అదే సమయానికి ఇంకొకటి పాతవాటిని ఊడ్చేసే పనిలో ఉండి దాన్నీ చెరిపేసింది. పేరు మిగిలింది, చిరునామా ఖాళీ. యంత్రాలు తమంతట తాము సరిచేసుకోలేకపోయాయి, మనుషులే చేత్తో దిద్దారు. స్నాప్‌చాట్, సిగ్నల్ లాంటివీ ఆ రోజు తడబడ్డాయి.

మధ్యాహ్నం 2:55కి చిరునామాలు తిరిగొచ్చాయి. తెర మీద 09:25 దాటాక ఎర్రర్లు పలచబడ్డాయి. అతను లేవలేదు. చీకటి పడ్డాక చిన్నాడు దివిటీ కొడుతూ కిటికీ దగ్గరకొచ్చి "అన్నా, రా!" అని కేకేశాడు. ల్యాప్‌టాప్ మూయకుండా చేతుల్లో పట్టుకునే వాకిట్లోకి వెళ్లాడు.

కొత్త సర్వర్లు లేవడం పూర్తిగా కుదుటపడేసరికి రాత్రి 2:20. ఇంకాసేపు వరుసలు చూసి కంట్రోల్ సీ నొక్కి ఆ కమాండ్ ఆపాడు.