భీముడి వేషం లేని బొమ్మ

1925 జనవరి 8న న్యూయార్కులో జార్జ్ బెల్లోస్ అనే చిత్రకారుడు అపెండిసైటిస్ ముదిరి చనిపోయాడు. అప్పటికి ఆయనకు 42 ఏళ్ళు. నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 6న, రాజమండ్రిలో దామెర్ల రామారావు మశూచితో కన్నుమూశాడు. ఇంకొక్క నెల బతికి ఉంటే ఆయనకు 28 నిండేవి. ఈ ఇద్దరికీ ముఖపరిచయం లేదు. ఒకరి పేరు ఇంకొకరి చెవిన పడే దారీ లేదు. కొన్నేళ్ళ పాటు ఇద్దరూ ఒకే కాలంలో కుంచె పట్టారు, ఇద్దరూ తమ చుట్టూ ఉన్న మనుషుల్నే చూసి గీశారు. అయితే ఒకరి దేశంలో ఆటగాడు బొమ్మలో కొలువుదీరాడు, ఇంకొకరి దేశంలో గడప అవతలే నిలబడిపోయాడు.

బెల్లోస్ కళాశాలలో చదివేటప్పుడు బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడినవాడు. 1923 సెప్టెంబర్ 14 రాత్రి న్యూయార్కులోని పోలో గ్రౌండ్స్‌లో జాక్ డెంప్సీకీ అర్జెంటీనా యోధుడు లూయిస్ ఫిర్పోకీ మధ్య బాక్సింగ్ పోటీ జరిగింది. బొమ్మలు గీసి ఇవ్వమని ఒక దినపత్రిక ఆయన్ని అక్కడికి పంపింది. మొదటి రౌండులోనే ఫిర్పో కొట్టిన దెబ్బకు ప్రపంచ విజేత డెంప్సీ తాళ్ళ సందులోంచి రింగు బయటికి, విలేఖరుల మీదికి పడ్డాడు. మళ్ళీ లేచి వచ్చి రెండో రౌండులో గెలిచాడు. మరుసటి ఏడు బెల్లోస్ తైలవర్ణాల్లో గీసింది ఆ గెలుపును కాదు, ఆ పడిపోవడాన్ని. కాళ్ళు పైకి లేచి వెల్లకిలా పడుతున్న వీరుడు, పైన ఫిర్పో, కింద చేతులు చాచిన జనం, ఎడమ అంచున బట్టతల మనిషిగా చిత్రకారుడు తానే. ఈ చిత్రం ఇప్పుడు న్యూయార్కులో విట్నీ మ్యూజియంలో ఉంది. ఓడిపోతున్న క్షణంలో కూడా ఒక మనిషి బొమ్మ వెయ్యదగినవాడే అని చెప్పడం, ఆటగాళ్ళ చిత్రాల్లో అమెరికన్లు మనకంటే ముందు నేర్చుకున్న సంగతి.

మ్యూజియాలకంటే ముందు ఆ బొమ్మలు జేబుల్లో తిరిగాయి. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ళ రంగుల లితోగ్రాఫ్ బొమ్మలు పెట్టి అమ్మింది. అరచేతిలో ఇమిడే అట్టముక్కలు. ఆ వరసలో మొత్తం 524 కార్డులు. వాటిలో పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు చాలా తక్కువగా బయటికొచ్చింది. పొగాకు పెట్టెలో తన బొమ్మ పెట్టి పిల్లలకు ఆశ చూపడం ఇష్టం లేక ఆయనే ఆపించాడని చెబుతారు. 2022లో ఆ కార్డు ఒకటి 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. తర్వాతి కాలంలో డిక్ పెరెజ్ అనే చిత్రకారుడు నీటిరంగుల్లో గీసిన ఆటగాళ్ళ ముఖాలు 1982 నుంచి ఏటా కార్డులై వచ్చేవి. లెరాయ్ నీమన్ రింగు పక్కనే కూర్చుని మహమ్మద్ అలీని స్కెచ్ వేసేవాడు. పేపరు, పెట్టె, కార్డు, కాన్వాసు: అమెరికాలో క్రీడావీరుల చిత్రకళ ఈ మెట్ల మీదుగానే పైకెక్కింది.

పొగాకు గోదావరి లంకల్లోనూ పండేది. లంక పొగాకు చుట్టకు పేరు అప్పట్లో దూరదేశాల దాకా వెళ్ళింది. 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలిసిందీ రాజమండ్రిలోనే. కానీ ఇక్కడ మనుషులు దాచుకున్నవి వేరే బొమ్మలు. ధాన్యం కొట్టులో, కిళ్ళీ బడ్డీలో, ఇంటి వసారాలో లక్ష్మి, వెంకటేశ్వరుడు, శ్రీరామ పట్టాభిషేకం వేలాడేవి. వాటి పక్కన చాలా ఇళ్ళల్లో ఒక తెల్లదొర. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్. గుర్రం మీద కాటన్ విగ్రహం లేని కాలవగట్టు ఊళ్ళు డెల్టాలో తక్కువ. నీళ్ళిచ్చిన పరాయివాడిని దేవుడి పక్కన పెట్టుకున్న జనానికి, మనిషిని బొమ్మగా కొలవడం తెలియదని ఎవరూ అనలేరు. మేలు చేసినవాడికి విగ్రహం, దేవుడికి పటం. ఆటగాడు ఈ రెంటిలో దేనికీ చెందడు.

బలం మాత్రం ఎప్పటినుంచో బొమ్మకెక్కింది. కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరున్న ఊరు. తోలును పలచన చేసి, రంగులద్ది, ఉలితో చిల్లులు కొట్టి, తెర వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి భీముడి కండలూ హనుమంతుడి తోకా మెరిసేవి. తెలుగువాడి కంట్లో బలవంతుడంటే ఇదీ రూపం: భుజాన గద, తలపై కిరీటం. తర్వాత వచ్చిన నిజమైన బలవంతులకు ఈ రూపమే వరమూ అయింది, అడ్డమూ అయింది.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు దాదాపు బెల్లోస్ ఈడువాడు. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకునేవాడు, ఇనప గొలుసులు తెంచేవాడు, రెండు కార్లను కదలకుండా పట్టి నిలిపేవాడు. సొంత సర్కస్‌తో దేశదేశాలూ తిరిగి, లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ముందు తన బలం చూపించాడు. ఆయనకు జనం పెట్టిన పేరు కలియుగ భీముడు. ఆ పేరులో గౌరవం నిండుగా ఉంది. అయితే ఆ పేరు వినగానే మనసులో మెదిలే బొమ్మ రామమూర్తిది కాదు, భీముడిది. ఆయన చెమట, ఆయన నొప్పి, ఊపిరి బిగపట్టే కసరత్తు పురాణం నీడలోకి వెళ్ళిపోయాయి.

దండమూడి రాజగోపాలరావు సంగతి ఇంకా స్పష్టం. కృష్ణా జిల్లావాడు. బరువులెత్తి 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు, 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో పతకం తెచ్చాడు. తెలుగు ఇళ్ళల్లో ఎందరికి ఆ పతకం గుర్తుందో కానీ, 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో కీచకుణ్ణి చంపిన భీముడు ఎవరంటే పాతతరం వాళ్ళు ఠక్కున చెబుతారు. ఒలింపిక్ క్రీడాకారుడు మన కళ్ళలో పడాలంటే భీముడి వేషం కట్టాల్సి వచ్చింది. ఆయన ఆ వేషానికి నిండుదనం తెచ్చాడు, అందులో సందేహం లేదు. కానీ బరువు లేపే ముందు వేళ్ళు కడ్డీకి బిగిసే ఆ క్షణాన్ని గీసినవాడు మనకు కావలసింది.

గీయగల చేతులు మనకు లేక కాదు, నిండుగా ఉన్నాయి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో, బొమ్మల పిచ్చి తలకెక్కిన డాక్టరు గారి అబ్బాయి రామారావును దగ్గరకు తీశాడు. 1916లో బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించాడు. అక్కడ చదువు ముగించి రామారావు తిరిగొచ్చింది రాజమండ్రికే. చెట్టూ, నదీ, పూలు ముడుచుకునే స్త్రీ, పురాణ పురుషుల్లో సైతం మన ఊరి మనిషి ముఖం. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’ లాంటి చిత్రాల్లో దేవతల కంటే ముందు కండా ఎముకా ఉన్న శరీరాలు కనిపిస్తాయి. మనిషి ఒళ్ళు ఎలా వంగుతుందో, బరువు ఏ పాదం మీద పడుతుందో ఆయన స్కెచ్ పుస్తకాలు చూస్తే అర్థమవుతుంది. ఆటగాణ్ణి గీయడానికి కావలసిన మూలధనం అంతా అదే. 1924లో బెల్లోస్ డెంప్సీని గీస్తున్న ఏడే రామారావు చిత్రాలు లండన్ శివార్లలో వెంబ్లీ ప్రదర్శన దాకా వెళ్ళాయి. తన శిష్యుడికి దూరంగా, ఇంగ్లండ్‌లో కూల్డ్రే దక్షిణ భారతం మీద తన పుస్తకం అచ్చేసుకున్నదీ ఆ ఏడే. మరుసటి ఏడు మశూచి వచ్చింది.

రామారావు పోయాక ఆ చిత్రాలను కాపాడినవాడు వరదా వెంకటరత్నం. స్నేహితుడు వదిలి వెళ్ళిన పనిని తన పనిగా చేసుకుని చిత్రశాలను, బడిని నిలబెట్టాడు. ఇంకో స్నేహితుడు అడివి బాపిరాజు భీమవరం వైపు నుంచి వచ్చి కథలోకీ సినిమాలోకీ ఆ రేఖను తీసుకుపోయాడు. ఆ తర్వాత నరసాపురంలో 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, అంటే బాపు. నాలుగు గీతల్లో మనిషి స్వభావం పట్టడం ఆయన చేతిలో ఉన్నంతగా ఇంకెవరి చేతిలోనూ లేదు. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగుకు ఆయన ఇచ్చిన రూపం లేకుండా ఆ పిల్లాణ్ణి ఇప్పుడు ఎవరూ ఊహించుకోలేరు. రాముడూ, గోపికా, గయ్యాళి అత్తా, గుమస్తా, నాయకుడూ ఆయన గీతలో తెలుగువాళ్ళయిపోయారు.

వీళ్ళతో పాటు పేరు లేని పనివాళ్ళున్నారు. సినిమా హాళ్ళ ముందు కటౌట్లు, గోడల మీద పార్టీ నాయకుల ముఖాలు గీసిన బ్యానరు ఆర్టిస్టులు. చిన్న ఫొటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు నిలువెత్తు గుడ్డ మీద పెద్దవి చేసి, ఒక్కో గడిలో కన్నూ ముక్కూ మీసం కూర్చుకుంటూ పోయే పద్ధతి వాళ్ళది. కొత్తపేటలో విగ్రహాలు పోసే శిల్పులు ఇప్పటికీ జిల్లాలు దాటి పని చేస్తున్నారు. బ్యానరు ఆర్టిస్టుకు మాత్రం 2000 తర్వాత ఫ్లెక్సీలు వచ్చి చెయ్యి ఆగిపోయింది. కంప్యూటరు మీద ఒక గంటలో అయ్యే పనికి మూడు రోజులు ఎవరిస్తారు? పుట్టినరోజు ఫ్లెక్సీల్లో కనపడే ఆటగాడి ముఖం ఇంటర్నెట్ నుంచి దించిన ఫొటో. అది గీసినవాడి చూపు కాదు.

ఇప్పుడు డెల్టాలోనే గీయదగిన వీరులున్నారు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరి 11న సిడ్నీలో తొడ కండరం పట్టేసినా క్రీజు వదల్లేదు. 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచి, అశ్విన్‌తో కలిసి టెస్టును డ్రాగా ముగించాడు. ఆ రోజు ఆయన చేసింది గెలవడం కాదు, కూలిపోకుండా ఉండడం. బెల్లోస్ ఉంటే సరిగ్గా ఆ కుంటి అడుగునే పట్టుకునేవాడు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2022లో బ్యాడ్మింటన్‌లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. చిరాగ్ శెట్టితో కలిసి అదే ఏడు కామన్వెల్త్ స్వర్ణం, 2023లో హాంగ్‌జౌలో ఆసియా క్రీడల స్వర్ణం సాధించి ప్రపంచ మొదటి ర్యాంకుకు చేరాడు. ఆయన కొట్టిన ఒక స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. గాల్లోకి లేచి, వెన్ను విల్లులా వంచి, రాకెట్ కిందికి దిగే లోపు ఉండే ఆ రెప్పపాటును కెమెరా ఎన్నోసార్లు పట్టింది. ఏ ముఖకవళిక ఉంచాలి, ఏ గీత వదిలెయ్యాలి అని ఎంచుకునేది మాత్రం చిత్రకారుడొక్కడే.

రాజమండ్రిలో దామెర్ల చిత్రశాల ఉంది. కోనసీమ బళ్ళలో డ్రాయింగు మాస్టార్లు, గోదావరి గట్టున స్కెచ్ పుస్తకాలు పట్టుకు కూర్చునే పిల్లలు ఉన్నారు. కాగితం తీసుకుని అమలాపురం కుర్రాడి స్మాష్‌ను, కాకినాడ కుర్రాడి కుంటి అడుగును గీయండి. భీముడి గద పెట్టొద్దు, కిరీటం పెట్టొద్దు. వాళ్ళని వాళ్ళలాగే గీయండి.