కొత్త మందు, పాత మందు, 20 మిల్లీగ్రాములు

2006లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఒక పేపరు వచ్చింది. దాని పేరు చూస్తేనే సగం కథ అర్థమైపోతుంది. ఒలాంజపిన్ రిస్పెరిడోన్‌ని ఎందుకు ఓడిస్తుంది, రిస్పెరిడోన్ క్వెటియాపిన్‌ని ఎందుకు ఓడిస్తుంది, మళ్ళీ ఆ క్వెటియాపిన్ వచ్చి ఒలాంజపిన్‌ని ఎందుకు ఓడిస్తుంది అని. ఈ మూడూ స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే 'కొత్త తరం' మందులు. ఇలాంటి కంపారేటర్ ఒకటి రాసి సార్ట్ ఫంక్షన్‌కి ఇస్తే జావా అయితే మొహాన ఎక్సెప్షన్ కొడుతుంది. మెడికల్ జర్నల్స్ మాత్రం పదేళ్ళ పాటు ఏ ఎక్సెప్షనూ ఇవ్వకుండా అచ్చేసుకుంటూ పోయాయి.

జర్మనీలోని మ్యూనిక్‌లో స్టెఫాన్ హేరెస్ బృందం చేసిన పని చాలా సింపుల్. కొత్త మందులని ఒకదానితో ఒకటి పోల్చిన 42 రిపోర్టులు తీసుకున్నారు. వాటిలో 33 మందుల కంపెనీల డబ్బుతో జరిగినవి. ఆ 33లో 90 శాతం చోట్ల గెలిచిన మందు ఎవరిదయ్యా అంటే, డబ్బులు పెట్టిన కంపెనీది. ఇక్కడ దొంగ లెక్కలు రాశారని ఎవరూ అనడం లేదు. అంకెలన్నీ నిజమే కావచ్చు. మరి ఎలా సాధ్యం? అదే నాకు ఆసక్తి కలిగించింది, తవ్వుకుంటూ వెళ్ళాను.

ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. ఈ మందులు పనిచెయ్యవని చెప్పడం నా ఉద్దేశం అస్సలు కాదు. 2012లో లాన్సెట్‌లో 65 ట్రయల్స్ కలిపి లెక్క కట్టారు. మందు కొనసాగించిన వాళ్ళలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది 27 శాతం మందికి. మందు ఆపి ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వాళ్ళలో 64 శాతం మందికి. ఇది చిన్న తేడా కాదు. కాబట్టి ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఇది చదివి ఆపించెయ్యకండి బాబూ. గొడవంతా కొత్తది పాతదాని కన్నా ఎంత మేలు అన్న దగ్గరే.

పాతవంటే ఏవి? 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో దెలే, దెనికెర్ అనే ఇద్దరు డాక్టర్లు క్లోర్‌ప్రోమజైన్ వాడి చూడటంతో ఈ మందుల శకం మొదలైంది. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ ల్యాబులో హాలోపెరిడాల్ పుట్టింది. (అన్నట్టు, అంతకన్నా చాలా ముందే 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు మన దేశపు వైద్యులు సర్పగంధి వేరు పిచ్చికీ, రక్తపోటుకీ పనిచేస్తుందని రాశారు. అందులోంచి తీసిన రెసర్పిన్‌ని కూడా 1950లలో మానసిక జబ్బులకి బాగానే వాడారు. ఎందుకో ఈ ముక్క మన వాళ్ళు కూడా పెద్దగా చెప్పుకోరు.)

పాత మందులు భ్రమలనీ, చెవిలో వినపడే గొంతులనీ తగ్గించేవి. కానీ దానికి కట్టే మూల్యం ఒంటి మీద కనిపించేది. చేతులు వణకడం, కండరాలు బిగుసుకుపోవడం, ఒక్క చోట కూర్చోలేక కాళ్ళు ఆడిస్తూ ఉండటం. ఏళ్ళ తరబడి వాడితే కొందరికి నాలుక, పెదాలు వాటంతటవే కదులుతూ ఉండేవి. మందు మానేసినా అది పోకపోవచ్చు. ఇవి లేని మందు కావాలని అందరూ ఎదురుచూశారంటే ఆశ్చర్యం లేదు.

ఆ ఆశకి ఆధారం క్లోజపిన్. 1970లలో యూరప్‌లో వాడుతుండగా 1975లో ఫిన్లాండులో కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయి చనిపోవడంతో దాన్ని చాలా చోట్ల పక్కన పెట్టేశారు. తర్వాత 1988లో జాన్ కేన్ బృందం వేరే మందులకి లొంగని 268 మంది మీద ప్రయోగం చేసింది. ఆరు వారాల్లో క్లోజపిన్‌తో 30 శాతం మంది మెరుగయ్యారు. క్లోర్‌ప్రోమజైన్‌తో 4 శాతం. దాంతో 1989లో, క్రమం తప్పకుండా రక్తపరీక్ష చెయ్యాలన్న షరతుతో అమెరికాలో అనుమతి వచ్చింది. నా మట్టుకు నాకు ఈ మొత్తం చరిత్రలో నిఖార్సయిన ముందడుగు ఇదొక్కటే అనిపిస్తుంది.

ఇక అక్కడినుంచి పరుగు మొదలు. క్లోజపిన్ లాంటిదే, కానీ రక్తానికి ప్రమాదం లేనిది కావాలి. 1993 చివర్లో రిస్పెరిడోన్, 1996లో ఒలాంజపిన్, 1997లో క్వెటియాపిన్, 2001లో జిప్రసిడోన్, 2002లో అరిపిప్రజోల్. అన్నిటికీ కలిపి 'ఎటిపికల్' అని పేరు పెట్టారు. పాతవి పాతబడ్డాయి, కొత్తవి అన్ని రకాలా మేలు అని జర్నళ్ళ నిండా పేపర్లు.

ఇప్పుడు రిస్పెరిడోన్ ఉత్తర అమెరికా ట్రయల్ సంగతి చూద్దాం. కొత్త మందుని 2, 6, 10, 16 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు మోతాదుల్లో ఇచ్చి చూశారు. పోటీకి పెట్టిన హాలోపెరిడాల్‌కి మాత్రం ఒకే మోతాదు, రోజుకి 20 మిల్లీగ్రాములు.

ఈ 20 అంటే ఎంతో తెలియాలంటే టొరంటోలో షితిజ్ కపూర్ బృందం 2000లో అచ్చేసిన పేపరు చూడాలి. మొదటిసారి జబ్బు పడ్డవాళ్ళకి హాలోపెరిడాల్ రోజుకి 1 లేదా 2.5 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చి, మెదడుని స్కాన్ చేసి, డోపమిన్ గ్రాహకాలని మందు ఎంత మేర ఆక్రమించిందో కొలిచారు. సుమారు 65 శాతం దాటితే గుణం కనిపించే అవకాశం పెరుగుతుంది. 78 శాతం దాటితే బిగుతూ వణుకూ మొదలయ్యే అవకాశం పెరుగుతుంది. రెండు గీతల మధ్య ఉన్న సందు అంతే. అంత చిన్న మోతాదులకే చాలామంది మొదటి గీత దాటేశారు. మరి 20 మిల్లీగ్రాములు వేస్తే రెండో గీత కూడా ఎప్పుడో దాటిపోయి ఉంటుంది కదా.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. స్కిజోఫ్రీనియాలో మాట తగ్గిపోవడం, మొహంలో భావాలు కనిపించకపోవడం కూడా లక్షణాలే. రేటింగ్ స్కేలులో వాటికి మార్కులుంటాయి. కానీ మందు ఎక్కువై కండరాలు బిగుసుకుపోయిన మనిషి మొహం ఎలా ఉంటుంది? సరిగ్గా అలాగే. అంటే పాత మందు మోతాదు పెంచితే సైడ్ ఎఫెక్టుల గడిలోనే కాదు, జబ్బు లక్షణాల గడిలో కూడా అది ఓడిపోతుంది. కొత్త మందు ఏ గొప్పపనీ చెయ్యకుండానే రెండు చోట్లా గెలుస్తుంది.

మన ఫీల్డులో ఇది తెలియని వాళ్ళెవరు? ఒకసారి ఒక వెండర్ మాకు తమ డేటాబేసు పాతదానికన్నా ఎన్నో రెట్లు వేగమని గ్రాఫులతో సహా చూపించాడు. కాన్ఫిగరేషన్ ఫైలు అడిగి చూస్తే పాతదానికి ముఖ్యమైన ఇండెక్సే లేదు. అంకెలు నిజమే! ఇండెక్సు పెట్టాక తేడా ఏమంత లేదు. మేము నష్టపోయింది ఒక మధ్యాహ్నం, అంతే.

అనుమతి ఇచ్చేటప్పుడే అమెరికా ఎఫ్.డి.ఎ. వాళ్ళు కంపెనీకి ఉత్తరం రాశారు, హాలోపెరిడాల్ కన్నా రిస్పెరిడోన్ మెరుగని ప్రకటనలివ్వడం తప్పుదోవ పట్టించడమే అవుతుందని. ప్రకటనలకి ఆ హద్దు గీశారు సరే, జర్నల్ పేపర్లకి ఎవరు గీస్తారు?

1996లో హ్యూస్టన్, మోహర్ అనే ఇద్దరు లాన్సెట్‌లో రాసింది చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. రిస్పెరిడోన్ ట్రయల్స్ అన్నీ కలిపి లెక్క కడదామని కూర్చుంటే అసలు ఎన్ని ట్రయల్స్ జరిగాయో తేలలేదట. ఒకే ట్రయల్ ముక్కలు ముక్కలుగా, రచయితల పేర్లు మారుతూ, కొన్నిసార్లు ఇది అదేనని చెప్పకుండా ఆరు చోట్ల కనిపించింది. ప్రైమరీ కీ లేని టేబుల్ మీద కౌంట్ కొట్టినట్టు అన్నమాట.

అసలు ఈ రంగంలో ట్రయల్స్ నాణ్యత ఎలా ఉండేదో 1998లో థార్న్‌లీ, ఆడమ్స్ లెక్క తీశారు. 50 ఏళ్ళలో జరిగిన 2000 ట్రయల్స్ చూశారు. సగటున ఒక్కో దాంట్లో 65 మంది. సగానికి పైగా ఆరు వారాలకి మించనివి. వాడిన కొలబద్దలు 640! అందులో 369 ఒక్కసారి మాత్రమే వాడినవి. జీవితాంతం ఉండే జబ్బుని ఆరు వారాల్లో, ఎవరి స్కేలుతో వాళ్ళు కొలిచారన్నమాట.

మొదటి పెద్ద దెబ్బ 2000లో తగిలింది. జాన్ గెడ్డెస్ బృందం 52 ట్రయల్స్, 12,649 మంది డేటా కలిపి, పాత మందు మోతాదుని బట్టి విడదీసి చూసింది. హాలోపెరిడాల్ 12 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉన్న చోట కొత్త మందుల ఆధిక్యం మాయం. గుణంలోనూ, మొత్తంగా తట్టుకోవడంలోనూ తేడా లేదు. బిగుతూ వణుకూ మాత్రం కొత్తవాటికి అప్పటికీ తక్కువే. ఆ ఒక్క మేలూ నిజమైనదే, దాన్ని కాదనలేం.

తర్వాత ప్రభుత్వాల డబ్బుతో రెండు ట్రయల్స్ వచ్చాయి. అమెరికాది కేటీ, 2005లో ఫలితాలొచ్చాయి. 57 చోట్ల, 1,493 మంది, 18 నెలలు. పాతవాటి తరఫున హాలోపెరిడాల్‌ని కాకుండా పెర్ఫెనజైన్ అనే మధ్యరకం మందుని సబబైన మోతాదులో పెట్టారు. మొత్తం మీద 74 శాతం మంది 18 నెలలు నిండకుండానే ఇచ్చిన మందు మానేశారు. ఒలాంజపిన్ 64 శాతం, రిస్పెరిడోన్ 74, పెర్ఫెనజైన్ 75, జిప్రసిడోన్ 79, క్వెటియాపిన్ 82. పాత మందు సరిగ్గా కొత్తవాటి మధ్యలో కూర్చుంది! ఒలాంజపిన్ కాస్త ముందుంది గానీ బరువు పెరగడం, చక్కెర, కొవ్వు పెరగడంలో కూడా అదే ముందుంది. కేటీ మీద విమర్శలున్నాయి, న్యాయమైనవే. నాలుక కదిలే సమస్య అప్పటికే ఉన్నవాళ్ళకి పెర్ఫెనజైన్ ఇవ్వలేదు, పైగా ఆ సమస్య కొత్తగా రావడానికి 18 నెలలు తక్కువ.

బ్రిటన్‌లో 2006లో వచ్చిన కట్లాస్ చిన్నది, 227 మంది. పాత మందులు వాడినవాళ్ళ జీవితం ఏడాది తర్వాత మరింత దిగజారి ఉంటుందని ఊహించి మొదలుపెట్టారు. దిగజారలేదు. చేసినవాళ్ళే ఆశ్చర్యపోయారు.

ఇంకోపక్క అచ్చుకాని పేపర్ల కథ. క్వెటియాపిన్‌ని హాలోపెరిడాల్‌తో పోల్చిన 15వ నంబరు ట్రయల్ ఒకటుంది. జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో కొత్త మందే వెనకబడింది. అది జర్నల్‌కి వెళ్ళలేదు. కోర్టు కేసుల వల్ల 2009లో కంపెనీ పాత ఈమెయిళ్ళు బయటపడితే, ఇలాంటి కొన్ని ట్రయల్స్‌ని పాతిపెట్టామని 1999లో లోపలివాళ్ళే రాసుకున్న సంగతి తెలిసింది. 2009 నుంచి 2013 మధ్య జరిమానాల వరస నడిచింది. ఎలై లిల్లీ 141 కోట్ల డాలర్లు, ఆస్ట్రాజెనెకా 52 కోట్లు, జాన్సన్ అండ్ జాన్సన్ 220 కోట్లు (ఇందులో వేరే మందుల లెక్కా ఉంది). అయితే ఇవన్నీ ప్రధానంగా అనుమతి లేని వాడకాలకి మందుని ప్రచారం చేసినందుకు. పేపరు దాచినందుకు విడిగా శిక్షేమీ లేదు.

మన ఊరి వాళ్ళకీ ఇందులో చిన్న పాత్ర ఉంది. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ ఒలాంజపిన్ పేటెంటు మీద అమెరికా కోర్టులో పోరాడి ఓడిపోయింది. పేటెంటు ముగిశాక 2011 అక్టోబరులో 20 మిల్లీగ్రాముల మాత్రని అక్కడ మార్కెట్లోకి దింపింది. మళ్ళీ 20!

2013లో స్టెఫాన్ లోయిష్ట్ బృందం 15 మందులు, 212 ట్రయల్స్, 43,049 మంది లెక్క ఒకచోట పెట్టి, అసలు పాత తరం, కొత్త తరం అన్న విభజనే అర్థం లేనిదని తేల్చింది. ఒక్కో మందుకీ ఒక్కో గుణం, ఒక్కో దోషం ఉంటాయి. ఒకరికి వణుకు పడదు, ఇంకొకరికి అప్పటికే షుగర్ ఉంటుంది. దాన్ని బట్టి డాక్టరూ, రోగీ కూర్చుని ఎంచుకోవాలి. జాబితాలో గుణం విషయంలో పైన ఉన్నది ఏదో చెప్పనక్కర్లేదు, క్లోజపిన్.

2024 సెప్టెంబరులో కోబెన్ఫీ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. డోపమిన్ గ్రాహకాల జోలికి పోకుండా వేరే దారిలో పనిచేస్తుంది, కాబట్టి నిజంగానే కొత్తది. వార్తలు చూసి ఉత్సాహంగా ట్రయల్ వివరాలు తెరిచాను. అనుమతికి ఆధారమైన ట్రయల్స్ ఐదు వారాలవి. పోటీకి పెట్టింది ఉత్తుత్తి మాత్రని. పెర్ఫెనజైన్ లేదు, హాలోపెరిడాల్ లేదు, 20 లేదు, 2 కూడా లేదు.