న్యూయార్కు బడులు, డాలరు బండ్లు

బడిలో సెల్‌ఫోనుపై నిషేధం సెల్‌ఫోను విద్యార్థుల చేతుల్లోకి విరివిగా రాకముందే పుట్టిందంటే వింతగా ఉంటుంది గాని, అది నిజమే. 1980ల చివర అమెరికాలో మాదకద్రవ్యాల వర్తకులు పేజర్లు వాడేవారు. దాంతో పేజరు ఉన్న ప్రతి విద్యార్థీ అనుమానితుడయ్యాడు. పలు రాష్ట్రాలు బడుల్లో వాటిని నిషేధించాయి. ఆ నిబంధనలే తరువాత చరవాణికి (మన బ్లాగరులు ఒకప్పుడు ముద్దుగా వాడిన మాట!) సంక్రమించాయి.

1999లో కొలంబైన్ బడిలో కాల్పులు, 2001 సెప్టెంబరు 11 దాడులు తల్లిదండ్రుల మనసు మార్చాయి. ఆపదలో పిల్లవాడి గొంతు వినాలన్నది వారి ఆరాటం. కాలిఫోర్నియా 2002లో తన నిషేధాన్ని సడలించింది. న్యూయార్కు నగరం మాత్రం సడలించలేదు. అక్కడ నిబంధన కాగితంమీద ఉండేది, ఫోను సంచిలో ఉండేది. అయ్యవార్లు చూసీ చూడనట్లు ఊరకుండేవారు.

2006 వసంతంలో మేయరు బ్లూమ్‌బెర్గ్ ఆయుధాల కోసమని బడులకు సంచార లోహశోధక యంత్రాలను పంపాడు. దొరికినవి ఎక్కువగా ఫోనులే. వేలకొద్దీ స్వాధీనం చేసుకొన్నారు. ఒంటరిగా సబ్‌వే రైళ్ళలో తిరిగే పిల్లల తల్లిదండ్రులు ఆ యేడే కోర్టుకెక్కారు. 2007లో ఓడారు, 2008లో అప్పీలులోనూ ఓడారు.

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది బండ్ల సంగతి. శాశ్వత లోహశోధకాలున్న బడుల ముందు వ్యాన్లు వెలిశాయి. ఉదయం ఫోను అప్పగించి చీటీ పుచ్చుకోవాలి, సాయంత్రం తిరిగి తీసుకోవాలి. రోజుకు ఒక డాలరు. ఏటా సుమారు 180 బడిదినాలు, అంటే 180 డాలర్లు. ఆ యంత్రాలు ఉన్నవి చాలావరకు పేదపిల్లలు చదివే బడులలోనే. యంత్రం లేని బడిలోని కలవారిబిడ్డ ఫోనును ఉచితంగా జేబులో ఉంచుకొన్నాడు. నిబంధన అందరిదీ, సుంకం కొందరిదీ! ఈ అసమానతను ఎత్తిచూపుతూనే మేయరు డి బ్లాసియో 2015 మార్చిలో నిషేధాన్ని తొలగించి, నిర్ణయాన్ని ఆయా బడులకు వదిలాడు.

పదేళ్ళు గడిచాయి. 2025 సెప్టెంబరు నుండి రాష్ట్రమంతటా తొలిగంట మొదలు చివరిగంట దాకా ఫోను వాడరాదని చట్టం. ఈసారి భయం ముఠాలను గురించి కాదు, పిల్లల ఏకాగ్రతను గురించి. ఫోను భద్రపరచే ఏర్పాటు బడిదే. అందుకు రాష్ట్రం 1.35 కోట్ల డాలర్లు కేటాయించింది. తల్లిదండ్రులు బిడ్డతో మాట్లాడే మార్గం బడే చూపాలి. ఫోను వాడిన కారణంగా మాత్రమే పిల్లవాణ్ణి సస్పెండు చేయరాదు. ఈ మూడు షరతుల వెనుకా నాకు ఆ వ్యాన్లే కనిపిస్తాయి.

మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులో విద్యార్థులతో పాటు ఉపాధ్యాయుల ఫోనులనూ తరగతిగదిలోకి రానీయలేదు. అంతకు ఏడాది ముందు, 2022లో, అదే ప్రభుత్వం ఉపాధ్యాయుల హాజరును ఫోనులోని యాప్‌తో వేయించడం మొదలుపెట్టింది.